గోడ కట్టిందెవరు?

వానాకాలం అంటే లోకానికి జలుబు, మాకు బేరం. మాది గొడుగుల కొట్టు.

ఆ సాయంత్రం వాన దంచికొడుతోంది. నేను కౌంటర్ వెనక నిలబడి మబ్బులకి మనసులోనే థ్యాంక్స్ చెప్పుకుంటున్నాను. అప్పుడు ఒక అమ్మాయి తలుపు తోసుకుని లోపలికొచ్చింది. నిలువునా తడిసిపోయింది. భుజాన సంచి, సంచి నిండా పుస్తకాలు, ముక్కు చివర జారడానికి సిద్ధంగా ఒక చినుకు.

గొడుగు చూపించమంటుందనుకున్నాను. ఆవిడ నా మొహమైనా చూడకుండా కౌంటర్ పక్కనున్న చెక్క పైకెత్తి ఇవతలికొచ్చేసి, సంచి నా స్టూలు మీద పెట్టి, రుమాలుతో మొహం తుడుచుకుంటూ, "తాతయ్య పడుకున్నారా?" అంది.

మా తాతయ్య నిజంగానే వెనక గదిలో పడుకుని ఉన్నాడు. అందుకని బుద్ధిగా, "ఆ, ఇప్పుడే కళ్లు మూశారు" అన్నాను.

"అయితే లేపొద్దులెండి. కొంచెం టీ దొరుకుతుందా? మీరు కొత్తగా చేరారా?"

"ఎక్కడ?"

"ఇక్కడే, కొట్లో."

"కొత్తేమీ కాదండి. పుట్టినప్పట్నుంచీ ఇక్కడే పడున్నాను. ఇంతకీ మీరెవరు?"

ఆవిడ రుమాలు దించి మొదటిసారి నన్ను చూసింది. తర్వాత పైనుంచి వేలాడుతున్న ఎర్ర, పచ్చ, ఊదా గొడుగుల్ని చూసింది. "ఇది 'అసలైన పాత గొడుగుల కొట్టు' కాదా?"

"కాదండి. ఇది 'అన్నిటికన్నా పాత గొడుగుల కొట్టు'. అసలైన పాతది పక్కది."

ఇందులో ఆవిడ తప్పేమీ లేదు. రెండు కొట్లూ ఒకే కప్పు కింద, ఒకే రంగు తలుపులతో పక్కపక్కనే ఉంటాయి. మధ్యలో ఒక్క గోడ. తేడా అంతా సరుకులో ఉంది. మా దగ్గర లోకంలో ఉన్న రంగులన్నీ దొరుకుతాయి. వాళ్ల దగ్గర నలుపు తప్ప ఏమీ దొరకదు. మా తాతయ్యా, ఆ గోడవతలి పెద్దమనిషీ ఒకప్పుడు భాగస్వాములు, అంతకుముందు ప్రాణస్నేహితులు. నేను పుట్టకముందు నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ఒకరు బోర్డు మీద 'పాత' అని రాయిస్తే రెండోవారు 'అసలైన పాత' అని రాయించారు. దాంతో మావాళ్లు 'అన్నిటికన్నా' దగ్గరికొచ్చి ఆగారు. బోర్డులో ఇంక ఖాళీ లేదు.

మా గొంతులు విని తాతయ్య బయటికొచ్చాడు. "ఎవర్రా ఆ పిల్ల?"

"పక్క కొట్టు తాతగారి మనవరాలినండి" అని ఆవిడే చెప్పింది. "నిన్ననే ఈ ఊరొచ్చాను, ఇక్కడ స్కూల్లో ఉద్యోగం. కొట్టుకి చిన్నప్పుడెప్పుడో వచ్చాను, గుర్తుపట్టలేకపోయాను."

తాతయ్య మొహం బిగుసుకుపోయింది. "గోడవతలి పిల్లా? పంపించెయ్."

"ఇంత వానలోనా తాతయ్యా? గొడుగుల కొట్లోంచి మనిషి తడుస్తూ బయటికెళితే చూసినవాళ్లు మన సరుకు గురించి ఏమనుకుంటారు?"

తాతయ్యకి కోపం ఎంత పెద్దదైనా వ్యాపారం ఇంకాస్త పెద్దది. గోడకేసి తిరిగి, "ఏదో ఒకటి ఇచ్చి తగలెయ్" అన్నాడు. కొట్లో అన్నిటికన్నా పచ్చగా ఉన్న పసుపు గొడుగు తీసి ఆవిడ చేతిలో పెట్టాను.

ఆవిడ వెళ్లిన మరుక్షణం పక్కనుంచి కేక వినబడింది. "నా కొట్లోకి పసుపు గొడుగా? ఎక్కడిదే ఇది?"

గోడలకు చెవులుంటాయంటారు. మా గోడకు నోరు కూడా ఉంది.

* * *

మర్నాడు పొద్దున బస్టాపులో ఆవిడ ఆ గొడుగు తిరిగిచ్చింది. మడిచి, బొందు కట్టి, కొత్తదానికన్నా నీటుగా ఉంది.

"థ్యాంక్సండీ గొడుగుగారూ. నిన్న మీ పుణ్యమా అని మా ఇంట్లో రెండు గంటలు ఉపన్యాసం విన్నాను."

"ఇంతకీ మీరు స్కూల్లో ఏం చెప్తారు?"

"హిస్టరీ. ఒక టీచర్ సెలవులో ఉన్నారు. ఈ ఏడాది పూర్తయ్యేదాకా నేను."

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేదు. "సొంత తాతగారి కొట్టు తెలీని మీరు హిస్టరీ చెప్తారా?"

"మీకు చరిత్రలో ఎన్ని మార్కులొచ్చేవి?"

"అత్తెసరు. అయినా చరిత్రంటే అయిపోయిన పెళ్లికి మేళమే కదండీ. ఎప్పుడో ఎవరో కొట్టుకు చచ్చారు. దాంతో ఇప్పుడు మనకేం పని?"

ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. తల కాస్త పక్కకి వంచి, "మీ తాతగారు మా తాతయ్యతో ఎందుకు మాట్లాడరు?" అనడిగింది.

"మీ తాతగారు గోడ కట్టేశారు కాబట్టి."

"ఎప్పుడు?"

"ఎప్పుడో."

"ఎప్పుడో జరిగిపోయిందిగా. అయిపోయిన పెళ్లేగా. మరి నిన్న నన్ను వానలోకి ఎందుకు పంపబోయారు?"

బస్సొచ్చింది. ఆవిడ ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, ఎదుటివాణ్ణి క్లాసులో నిలబెట్టేసిన టీచర్ నవ్వు ఒకటి నవ్వింది. ఆ నవ్వుకి నేను పడిపోయాను. ఇందులో దాచుకునేదేమీ లేదు. ఆ రోజంతా ఎర్ర గొడుగు అడిగినవాళ్లకి పచ్చది, పచ్చది అడిగినవాళ్లకి చేతికర్ర ఇచ్చాను.

అప్పట్నుంచి రోజూ ఏదో ఒక పని పెట్టుకుని బస్టాపుకి వెళ్లేవాణ్ణి. ఒకరోజు పని పేరు బ్యాంకు, ఒకరోజు పోస్టాఫీసు. ఇంకోరోజు ఏ పేరూ దొరక్క, "ఊరికే, వాన ఎలా పడుతుందో చూద్దామని" అన్నాను. ఆవిడ ఆకాశం చూసింది. ఎండ కాస్తోంది.

మళ్లీ నిజంగా వాన పడిన రోజున షెల్టర్ కింద మేమిద్దరమే ఉన్నాం.

"మీ తాతగారి కథ పూర్తిగా చెప్పండి. ఆయన ఎలా చెప్తారో అలాగే" అంది.

చెప్పాను. అప్పట్లో రెండు కొట్లూ కలిసి ఒకటే పెద్ద కొట్టు. మా తాతయ్య రంగు గొడుగులు తెప్పిద్దామన్నాడు. వాళ్ల తాత, గొడుగన్నాక నల్లగా ఉండాలి, రంగులెయ్యడానికి అదేం బొమ్మా అన్నాడు. మాటా మాటా పెరిగి, నీ దారి నీది, నా దారి నాది అనుకున్నారు. ఆ వారమే బజారు ఆ చివర తగలబడి చాలా కొట్లు పోయాయి. బజారంతా కొన్నాళ్లు మూసేశారు. అప్పుడు నాన్నమ్మ నిండుచూలాలు. తాతయ్య ఆమెని పుట్టింటికి తీసుకెళ్లాడు. మా నాన్న పుట్టాక తిరిగొచ్చి చూస్తే కొట్టు మధ్యలో గోడ.

"ఊళ్లో లేని సమయం చూసి కట్టేశాడు, ఇది మా తాతయ్య ఎప్పుడూ అనే మాట" అని ముగించాను.

"మా తాతయ్య కథ చెప్పనా? రంగుల గొడవ, నిప్పు, బజారు మూయడం, అంతవరకూ ఇదే. తర్వాత ఆయనకి విషజ్వరం వచ్చింది. చూసుకునేవాళ్లు లేక వేరే ఊళ్లో వాళ్లక్క ఇంటికెళ్లి పడుకున్నారు. నెల దాటాక తిరిగొచ్చేసరికి మీ తాతగారు గోడ కట్టేశారు."

"అబద్ధం."

"ఎవరిది? మీ తాతగారిదా, మా తాతయ్యదా?"

"మా తాతయ్య అబద్ధమాడడు."

"మా తాతయ్యా ఆడరు. సరే, ఇద్దరూ నిజమే చెప్తున్నారనుకుందాం. మీ తాతగారు ఊళ్లో లేరు. మా తాతయ్యా లేరు. మరి గోడ కట్టిందెవరు?"

చిన్నప్పట్నుంచి ఆ కథ వందసార్లు విన్నాను. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు విన్నాను. రెండో కథ ఒకటుంటుందని, రెండూ పక్కపక్కన పెట్టి చూడొచ్చని నాకు తట్టనే లేదు.

"మా పిల్లలకి నేను చెప్పే చరిత్ర ఇంతేనండి. ఎవరు చూశారు? నీకెలా తెలిసింది? అవతలివాళ్లు ఏమంటున్నారు? తేదీలు ఆ తర్వాత సంగతి."

బస్సొచ్చి వెళ్లిపోయింది. ఇద్దరం ఎక్కలేదు.

* * *

శనివారం మధ్యాహ్నం స్కూలు మేడ మీదికి రమ్మంది. అక్కణ్ణుంచి బజారు కప్పులన్నీ కనిపిస్తాయి. పుట్టి పెరిగిన బజారుని పైనుంచి చూడడం నాకదే మొదటిసారి.

"గోడలు చూడండి" అంది.

మా కొట్టు మీద గోడ కప్పుని చీల్చుకుని పైకి లేచి ఉంది. దానికి కొంచెం దూరంలో అలాంటిదే ఇంకో గోడ. మళ్లీ అంతే దూరంలో ఇంకోటి. బజారు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే ఎత్తు, ఒకే మందం.

"మీ బజార్లో కొట్లవాళ్లందరూ ఇలాగే పోట్లాడుకున్నారా?" అని అమాయకంగా అడిగింది.

అప్పటికే తన ఎనిమిదో తరగతి పిల్లల్ని కొట్టుకొట్టుకీ తిప్పి, గోడలు కొలిపించి బజారు బొమ్మ గీయించిందట. ఇద్దరం కలిసి ఫైర్ స్టేషన్‌కి వెళ్లాం. అక్కడి ఆఫీసరు మేం అడిగింది విని, ఇందులో వింతేముందన్నట్టు చెప్పాడు. నిప్పంటుకుంటే ఒక కొట్టు నుంచి ఇంకో కొట్టుకి పాకకుండా అడ్డుగోడలు కడతారు. ఈ బజారుకి మాత్రం చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పటి అగ్నిప్రమాదం అయ్యాక, బజారు మూసి ఉన్న రోజుల్లో మునిసిపాలిటీవాళ్లే కట్టించారు. ఇంత దూరానికొకటి అని లెక్క. మిగతాచోట్ల రెండు కొట్ల మధ్య చెక్కల అడ్డు ఉండేది, దాని స్థానంలో గోడ వచ్చింది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. అప్పట్లో మాది రెండు కొట్లంత వెడల్పు. లెక్క ప్రకారం గోడ సరిగ్గా నడిమధ్యన పడింది.

"అంటే ఇన్నాళ్లూ మా ఇంట్లో తిట్టుకున్నది ఒక ఇంజనీరు గీసిన గీతనా" అన్నాను.

ఆవిడ పకపకా నవ్వింది. నాకు మాత్రం రెక్కలొచ్చాయి. గోడ సంగతి తేలిపోతే మా పెళ్లికి అడ్డేముంది? ఆ ఊపులో కొట్టుకి పరుగెత్తాను. "ఇవాళే చెప్పకండి, ఎలా చెప్పాలో ఆలోచిద్దాం" అని ఆవిడ వెనకనుంచి అంటూనే ఉంది.

తాతయ్య ఒక గొడుక్కి విరిగిన ఊచ మారుస్తున్నాడు.

"తాతయ్యా, నువ్వు ఇన్నేళ్లూ పప్పులో కాలేశావు" అని మొదలుపెట్టాను. అలా మొదలుపెట్టకూడదని ఇప్పుడు తెలుసు.

మొత్తం విన్నాడు. ఊచ కింద పెట్టాడు. "తాతకి దగ్గులు నేర్పుతున్నావా? అంటే ఇన్నేళ్లూ నేనో వెర్రివాణ్ణి, ఉత్తపుణ్యానికి బాధపడ్డాను, అంతేనా?"

"అది కాదు తాతయ్యా. గోడ మునిసిపాలిటీవాళ్లది."

"నిప్పు లేనిదే పొగ రాదు. వాడి మనసులో లేకపోతే నేనొచ్చేసరికి ఒక్క మాటైనా చెప్పేవాడు. నీకీ పుర్రెలో పురుగు ఎక్కించింది ఆ పిల్లేనా?"

అక్కడితో ఊరుకోవాల్సింది. నేను ఊరుకునే రకం కాదు. "ఆ పిల్లనే పెళ్లి చేసుకుంటాను" అనేశాను, బజారుకంతా వినబడేలా.

"గోడవతలి పిల్ల ఈ గడప తొక్కిన రోజు నేనీ గడప దాటి వెళ్లిపోతాను" అన్నాడు తాతయ్య, అంతకన్నా గట్టిగా.

గోడకి చెవులూ నోరూ ఉన్నాయని ముందే చెప్పాను. అవతలనుంచి కుర్చీ జరిగిన చప్పుడు, ఆపైన పెద్దమనిషి గొంతు. "నా మనవరాలు వీళ్ల గడప తొక్కాలా? ఈ నెలాఖరుకి దాన్ని వాళ్ల నాన్న దగ్గరికి పంపించేస్తాను. ఉద్యోగం వద్దు, ఏమీ వద్దు."

నాన్నమ్మ వెనక గదిలోంచి తొంగిచూసి తల కొట్టుకుంది.

* * *

సోమవారం బస్టాపులో ఆవిడ నావైపు చూడలేదు. నేను నాలుగు రకాలుగా దగ్గాక అప్పుడు తిరిగింది.

"చరిత్ర చదివేది పెద్దవాళ్ల నెత్తిన మొట్టడానికి కాదు" అంది. "మీరు ఆయనకి నిజం చెప్పడానికి వెళ్లారా, ఆయన తప్పని గెలవడానికి వెళ్లారా?"

"రెండూ ఒకటే కదండీ."

"కాదు. ఆయన పోగొట్టుకున్నది కొట్టులో సగం కాదు, స్నేహితుణ్ణి. అంత బాధ అనుభవించాక ఇప్పుడు మీరు వెళ్లి, అదంతా దండగ అంటే ఎవరైనా ఎలా ఒప్పుకుంటారు? ఆ మాట ఆయనకి ఆయనే అనుకోవాలి."

నేను తలదించుకున్నాను. వాన లేకపోయినా చేతిలోని గొడుగు తెరిచి మూసి, తెరిచి మూసి ఊచలు వదులు చేశాను.

"గోడకి మా వైపు ఇంకో మాట కూడా వినబడింది" అంది కాస్త ఆగి. చెంపలు ఎర్రబడ్డాయి. నేను ఏదో అనేలోపు బస్సొచ్చింది, వెళ్లిపోయింది. చెంపలు ఎర్రబడ్డాయంటే ఇష్టమే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అంతలోనే నెలాఖరు గుర్తొచ్చింది. ఆవిడ లేని బస్టాపుని ఊహించుకుంటే భయం వేసింది.

ఇంటికెళ్లి నాన్నమ్మ పక్కన కూలబడ్డాను. నా పెళ్లెలా జరగాలో, కొట్టు మీద మేడ ఎలా కట్టాలో మొత్తం చెప్పుకుపోతుంటే నాన్నమ్మ అడ్డుపడింది.

"ఆలూ లేదు చూలూ లేదు, నీ హడావుడేంట్రా? ముందు మీ తాత సంగతి చూడు. అప్పుడే చెప్పాను నేను, పసివాణ్ణి చంకనేసుకుని, వెళ్లి అడిగిరండి అని. వాడే వచ్చి చెప్పాలన్నారు. వాడొస్తాడని చాలా రోజులు తలుపుకేసి చూస్తూ కూర్చున్నారు. అది మాత్రం ఎవరికీ చెప్పరు."

తాతయ్య కథలో ఈ ముక్క నేనెప్పుడూ వినలేదు. బస్టాపులో ఆవిడకి చెబితే, కళ్లు తుడుచుకుంది. "మా తాతయ్యా అంతేనట. జ్వరం తగ్గిందో లేదో కనుక్కోవడానికైనా వస్తాడనుకున్నారట" అంది. తర్వాత ఆ రోజంతా ఆలోచించి ఒక పని చేసింది.

* * *

స్కూలు నుంచి మా తాతయ్యకి పిలుపొచ్చింది. పాత బజారు ఎలా ఉండేదో పిల్లలకి చెప్పాలట. 'అన్నిటికన్నా పాత' కొట్టు పెద్దాయన కాకపోతే ఇంకెవరు చెప్తారని నాన్నమ్మ కూడా ఎగదోసింది. తాతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, ముందురోజే ఉపన్యాసం బట్టీపట్టాడు. నేను వెంట వెళ్లాను.

క్లాసులో రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. ఒక కుర్చీలో నల్ల గొడుగు ఒళ్లో పెట్టుకుని గోడవతలి పెద్దమనిషి అప్పటికే కూర్చుని ఉన్నాడు.

తాతయ్య గుమ్మంలో ఆగిపోయాడు. వెనక్కి తిరిగేవాడే. కానీ ఎనిమిదో తరగతి మొత్తం లేచి నిలబడి, "గుడ్ మార్నింగ్ తాతగారూ" అని సాగదీసింది. అంతమంది పిల్లల ముందు పారిపోవడానికి ఆయనకి మనసొప్పలేదు. కుర్చీ బాగా పక్కకి జరుపుకుని కూర్చున్నాడు.

ముందు పక్క కొట్టు ఆయన చెప్పాడు, తర్వాత మా తాతయ్య. నిప్పు ఎలా అంటుకుందో, బకెట్లతో బజారంతా ఎలా పరుగెత్తిందో చెబుతుంటే పిల్లలు కదల్లేదు. ఇద్దరూ ఒకరినొకరు చూడకుండానే, ఒకరు మర్చిపోయింది ఇంకొకరు అందించడం మొదలుపెట్టారు. "బావి తాడు తెగింది" అని ఈయనంటే, "తెగలేదు, కాలింది" అని ఆయన నల్లబల్లకి చెప్పాడు.

ముందు బెంచీలో కళ్లజోడు పిల్ల చెయ్యెత్తింది. "తాతగారూ, తర్వాత మీ కొట్లో గోడ ఎవరు కట్టారు?"

"ఇంకెవరు, వీడే" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"మీరు చూశారా?"

తాతయ్య టీచర్‌కేసి చూశాడు. ఆవిడ కిటికీ దగ్గర నిలబడి చాక్‌పీసు తిప్పుతోంది, ఏమీ అనలేదు. "చూళ్లేదమ్మా. నేను ఊళ్లో లేను."

"మీరు?" అంది ఆ పిల్ల ఆయనకేసి తిరిగి.

"నేనూ లేను. జ్వరం."

"మరి మీకెలా తెలిసింది?"

పిల్లల్లో ఎవరూ నవ్వలేదు. వాళ్లకది రోజూ అడిగే ప్రశ్నే. వాళ్లు గీసిన బజారు బొమ్మ బోర్డు పక్కనే వేలాడుతోంది. తాతయ్య కళ్లజోడు పెట్టుకుని లేచి దాని దగ్గరికి వెళ్లాడు. గీసిన గోడల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే దాటుకుంటూ మా కొట్టు దగ్గరికొచ్చాడు. దాటి ఇంకా ముందుకెళ్లాడు. మళ్లీ వెనక్కొచ్చాడు. నేను నోరు గట్టిగా మూసుకుని నిలబడ్డాను. జీవితంలో అంత కష్టపడి ఏ పనీ చెయ్యలేదు.

"ఒరేయ్ బక్కోడా" అన్నాడు తాతయ్య, వెనక్కి తిరక్కుండానే. "నువ్వు కట్టలేదా?"

పెద్దమనిషి నల్ల గొడుగు ఊతంగా లేచాడు. "నేనెందుకు కడతాను రా పొట్టోడా? మంచం మీంచి లేవలేని స్థితి నాది. నువ్వు కట్టావనుకున్నా."

"జ్వరమని నాకెవరు చెప్పారు? అడగొచ్చుగా నన్ను?"

"నువ్వడగొచ్చుగా."

"నేనెందుకడగాలి? నువ్వొస్తావని ఎన్నాళ్లు చూశానో తెలుసా?"

"నేను చూడలేదా మరి?"

బెల్లు కొట్టినా వినిపించుకోలేదు. నేను కిటికీ దగ్గరికి జరిగి, "మళ్లీ పోట్లాడుకుంటున్నారండీ" అని గుసగుసలాడాను.

"పోట్లాడుకోనివ్వండి. ఇన్నేళ్లకి ఒకరితో ఒకరు పోట్లాడుకుంటున్నారు" అంది ఆవిడ. తాతయ్య చేత్తో ఆయన భుజం పట్టుకుని ఊపుతున్నాడు. కోపమో ఏడుపో తెలియలేదు. ఇద్దరి కళ్లజోళ్లూ మసకబారాయి.

* * *

మర్నాడు పొద్దున్నే కొట్టు తెరిచేసరికి తాతయ్య లేడు. "ఎక్కడికెళ్లాడు?" అంటే నాన్నమ్మ మురిసిపోతూ చెప్పింది. "పిల్లనడగడానికి రా. ఈసారి వాడికన్నా ముందు నేనే అడగాలని మొహమైనా సరిగ్గా కడుక్కోకుండా పరుగెత్తారు."

ఆ మాట పూర్తయ్యేలోపు పక్క కొట్టు పెద్దమనిషి వెనక సందులోంచి మా కొట్లోకి వచ్చాడు. వీధి వైపునుంచి వెళ్లిన మా తాతయ్య ఆ కొట్లో, వెనక వైపునుంచి వచ్చిన ఆయన ఈ కొట్లో. కొద్దిసేపటికి గోడకి రెండు వైపులనుంచీ "ఒరేయ్, నేనే ముందడిగాను", "నేను బయల్దేరిందే నీకన్నా ముందు" అని వాదన మొదలైంది. ఈ కేసు ఇప్పటికీ తేలలేదు.

నేను ఆనందం పట్టలేక బస్టాపుకి పరుగెత్తాను. సన్నగా వాన. ఆవిడ షెల్టర్ కింద పుస్తకం తెరిచి పట్టుకుని, చదవకుండా నిలబడి ఉంది.

"అయిపోయిందండీ. మీ తాతగారు మా వాళ్లనడిగారు, మా తాతయ్య మీ వాళ్లనడిగాడు. ఇంక అంతా సెటిలైపోయినట్టే."

"అలాగా. సంతోషం" అంది. పుస్తకంలోంచి తలెత్తలేదు.

"ఏమైంది? మీకిష్టం లేదా?"

"నాకిష్టమని మీకెవరు చెప్పారు?"

"అదేంటండీ. మొన్న మీ చెంపలు ఎర్రబడ్డాయిగా."

"ఎండకి కూడా ఎర్రబడతాయి."

"ఎండెక్కడుంది..." అంటూ ఆగిపోయాను. మొదటిసారి నాకు సంగతి అర్థమైంది. నేను మా తాతయ్యతో చెప్పాను. నాన్నమ్మతో చెప్పాను. గోడ పుణ్యమా అని బజారందరికీ చెప్పాను. చెప్పనిది ఒక్క ఈ అమ్మాయికే. ఆవిడ చెంపలు చూసి, ఆవిడ మనసు నేనే రాసేసుకున్నాను.

"మీ పెళ్లి మాట నేను గోడ అవతలనుంచి విన్నాను" అంది నెమ్మదిగా. "నిన్న మా తాతయ్య నోట విన్నాను. ఇవాళ మీ తాతగారు చెప్తుంటే విన్నాను. ఇన్ని రోజులు ఈ బస్టాపులో నిలబడ్డాం. నన్నెవరూ అడగలేదు."

బస్సొచ్చి ఆగింది. కండక్టర్ మా ఇద్దర్నీ చూసి, వీళ్లు ఎక్కేరకం కాదని ముందుకి పోనిమ్మన్నాడు.

చేతిలో గొడుగుంది గానీ దాన్ని తెరవడం కూడా మర్చిపోయి వానలో నిలబడ్డాను. కొట్లో రోజూ వందమందితో గలగలా మాట్లాడే నోరు ఎండిపోయింది. మా తాతయ్య అన్నేళ్లు ఎందుకు అడగలేకపోయాడో అప్పుడు నాకు తెలిసింది. కాదంటుందేమోనని ఇంత భయం వేస్తుందని ఎవరూ చెప్పలేదు.

"మీరంటే నాకు చాలా ఇష్టం" అన్నాను. "మొదటి రోజు నా స్టూలు మీద సంచి పెట్టినప్పట్నుంచీ ఇష్టం. మీకు ఇష్టమో కాదో నాకు తెలీదు. అందుకే అడుగుతున్నాను. నన్ను పెళ్లి చేసుకుంటారా?"

ఆవిడ పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది. వానలోకి వచ్చి నా చేతిలోని గొడుగు తీసుకుని, ఇద్దరి మీదికీ వచ్చేలా తెరిచింది.

"చేసుకుంటాను" అంది. "ఇంత ఆలస్యంగా అడిగావేం?"